శబ్దం ఆపి మార్చిన గొంతు

మసీనాను ఆ పనికి ఎంచుకున్నది ఆమెకు కంప్యూటర్ వచ్చని కాదు, ఆ ఇంట్లో ఆమె ఎవరికీ ఏమీ కాదని.

ఉపోలు దీవిలో పుట్టి, రాజధాని ఆపియాలో డిగ్రీ చదివి, పడవెక్కి పక్క దీవి సవాయీకి కాపురానికి వచ్చిన కోడలు. కోడలికి పొయ్యి ఉంటుంది, పొయ్యికి పొగ ఉంటుంది, హక్కులన్నీ అక్కడితో సరి. వంశం సంగతులు మాట్లాడుకునేటప్పుడు పళ్ళెంతో వస్తుంది, పళ్ళెం పెట్టి వెళ్తుంది. అందుకే ఏ పక్షానికీ చెందని మనిషి కావాలని కుటుంబంలోని రెండు శాఖలూ పట్టుబట్టినప్పుడు అందరి చూపులూ ఒక్కసారిగా వంటింటి పొగ వైపు తిరిగాయి.

విషయం పెద్దమామయ్య గొంతు. ఆయన పేరు ఇయోసెఫా. కుటుంబానికి పెద్ద, అంటే మతాయి. భూములు ఆయన మాట మీద నడిచేవి, ఊరి సభలో మొదటి వరసలో ఆనుకుని కూర్చునే ఒక స్తంభం ఆయనది, కావా పానీయం గిన్నె ముందుగా వెళ్ళేది ఆయన దగ్గరికే. పోయి ఏడాది కావస్తోంది, స్తంభం ఖాళీగానే ఉంది. దాని వైపు ఇద్దరు చూస్తున్నారు. ఒకరు మసీనా మొగుడు తోమాసి, పెద్దాయనకి స్వయానా తమ్ముడి కొడుకు; అయినా కోడలిని ఒక పక్షంగా ఎవరూ లెక్కపెట్టలేదు. రెండోవాడు సొలొమోనా, రెండో శాఖ వాడు, రేవులో ఉద్యోగం చేసి రిటైరైనా ఇప్పటికీ మనుషుల్ని సామాన్లు తనిఖీ చేసినట్టే చూసే మనిషి.

పోయే ముందు మతాయి ఎవరి పేరు చెప్తే వాళ్ళని కాదనడం అక్కడ తేలిక కాదు. పెద్దమామయ్య ఆ చివరి మాట చెప్పే పోయాడు. కాకపోతే మనిషికి చెప్పలేదు, ఆక్లండ్ చుట్టాలెవరో తెచ్చిచ్చిన చిన్న రికార్డరుకి చెప్పాడు. మనుషులు మాట మారుస్తారని ఆయనకి గట్టి నమ్మకం, అరవై ఏళ్ళు సభల్లో కూర్చున్న అనుభవం. ఆ రోజు అందరినీ ఇంట్లోంచి బయటికి పంపేశాడు. మాట్లాడ్డం అయ్యాక రికార్డరు చెల్లెలు ఫామాను చేతిలో పెట్టి, ఏడాది దుఃఖం తీరాక అందరి ముందూ వినిపించమన్నాడు.

అందరినీ పంపేశాడంటే, మనుషుల లెక్కలోకి వచ్చేవాళ్ళందరినీ. విసనకర్ర విసురుతున్న కోడలు ఆ లెక్కలో లేదు కనక ఉండిపోయింది. ఆయనకి చూపు ఆనేది కాదు, మీట నొక్కింది కూడా మసీనాయే. ముత్తాతల పేర్లన్నీ ఆయన మెల్లగా చదువుతుంటే, చేతులు మార్చుకుంటూ విసురుతూనే ఉంది. అన్నీ అయ్యాక ఆయన చెప్పిన పేరు తోమాసిది కాదు, సొలొమోనాది కాదు. చెల్లెలు ఫామానుది.

"నువ్వు విన్నావు, కానీ వినలేదు. అంతేనా?" అన్నాడు ఆయన తర్వాత.

"అంతే మామయ్యా."

ఆ మాట మీద ఏడాది నడిచింది. తోమాసికి కూడా చెప్పలేదు.

చెప్పకపోవడం కష్టం కాలేదు, మర్చిపోవడమే కష్టమైంది. తోమాసికి బిరుదు వస్తే మసీనా మతాయి భార్య అవుతుంది. మతాయిల భార్యలకు వేరే చాపలున్నాయి, వేరే మాటలున్నాయి, వాళ్ళకి పళ్ళెం ఇంకొకరు తెస్తారు. అదే ఫామాను అత్తయ్యకి వస్తే, ఆవిడ ఇప్పుడు బిరుదు లేకుండానే వంటింటిని ఏలుతోంది, ఇక ఏం చేస్తుందో ఊహించుకోవాలంటే ధైర్యం కావాలి. మసీనా చేసే ఏ వంటలోనైనా ఆవిడకి లోపం కనిపిస్తుంది. కొబ్బరిపాలు పలచన, చామాకు ముతక, కోకోలో చక్కెర తక్కువ. చేతిలో ఎప్పుడూ ఒక అల్లిక విసనకర్ర ఉంటుంది, దానితో గాలి తక్కువ, పొడుపులు ఎక్కువ.

ఏడాది పాటు ఆవిడ రికార్డరుని చాపల పెట్టెలో పెట్టి, పెట్టె మీద కూర్చుంది. తీరా తీసి చూస్తే బ్యాటరీలు కారిపోయి, ఉప్పుగాలికి తీగలన్నీ పచ్చగా పట్టి, యంత్రం ప్రాణం వదిలేసింది. లోపలున్న గోరంత మెమరీ కార్డు మాత్రం బతికింది.

కుటుంబ సభ శనివారం. శుక్రవారం పొద్దున మసీనా లాప్‌టాప్ ముందు కూర్చుంది. కుడిపక్క ఫామాను, ఎడమపక్క సొలొమోనా. ఆయన కుర్చీ కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నాడు, ఈ ఇంటి కుర్చీల మీద నమ్మకం లేనట్టు.

షరతుల మీద ముందే రాజీ కుదిరింది. కార్డులో ఉన్నది ఆ రికార్డరు కంపెనీ సొంత ఫార్మాటు, ఇంకే యంత్రమూ చదవదు. చర్చి లౌడ్‌స్పీకర్ డబ్బాకి ఎంపీత్రీ తప్ప తెలియదు. దాన్ని దీనిలోకి మార్చాలి. అయితే సభలో అందరూ ఒక్కసారిగా వినేదాకా ఒక్క ముక్క కూడా ఎవరి చెవినా పడకూడదు. వంశం పేర్లు బయటివాళ్ళ చెవిన పడటం తప్పు, ఒక శాఖ ముందు విని రెండో శాఖ తర్వాత వినడం అంతకన్నా తప్పు. కాబట్టి మార్పిడి మొత్తం శబ్దం ఆపి జరగాలి.

మసీనా శబ్దం ఆపింది. తెర మీద స్పీకరు బొమ్మకి గీత పడింది. సొలొమోనా ఆ గీతను కాసేపు చూసి, గీతదేముంది, ఎవరైనా గీస్తారన్నాడు. జేబులోంచి ఆకు పొట్లం తీశాడు. అందులో పడవ చీలికలకి పూసే పనసజాతి చెట్టు బంక. రెండు స్పీకరు రంధ్రాల మీదా నిదానంగా, శ్రద్ధగా పులిమాడు. కొన్నప్పుడు దానికి రెండేళ్ళ గ్యారంటీ అని మసీనాకి గుర్తొచ్చింది. బంక సంగతి ఆ కాగితాల్లో ఉందో లేదో.

ఫైలు తెరుచుకోలేదు. పేరు చివర మూడక్షరాలు చూసి, ఇదేమిటో నాకు తెలియదు అన్నట్టు కంప్యూటర్ ఒక ఖాళీ గడి చూపించింది. ఇంటర్నెట్‌లో ఆ రికార్డరు బాధితుల సంఘం లాంటిది ఒకటి ఉంది. వాళ్ళెవరో రాసి పెట్టిన చిన్న ప్రోగ్రాం దింపుకోవడానికి తోమాసి ఫోను డేటా సగం అయిపోయింది. అది ఫైలుని తీసుకుంది, నమిలింది, ఆగింది. ఒక ప్రశ్న వేసింది.

"ఏమంటోంది?" అంది ఫామాను.

మసీనా చెప్పింది. గొంతుని దాచేటప్పుడు యంత్రం సెకనుకి ఇన్ని ముక్కలని తరిగి దాస్తుంది. మళ్ళీ కలిపేటప్పుడు అన్నే ముక్కల చొప్పున కలపాలి. ఎన్ని ముక్కలో ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది, కానీ కార్డులో ఆ భాగమే చెడింది. అందుకని మనల్నే చెప్పమంటోంది. ఎనిమిది వేలు, పదకొండు వేలు, పదహారు, ఇరవైరెండు, ఈ నాలుగింటిలో ఒకటి.

"ఏది సరైనదో ఎలా తెలుస్తుంది?" సొలొమోనా అడిగాడు.

కాస్త వింటే తెలిసిపోతుందంది మసీనా. ఒక్క దగ్గు వినపడ్డా చాలంది.

రెండు పక్కల నుంచీ ఒకేసారి వద్దని వచ్చింది. విసనకర్ర వీపు మీద పడింది.

వినకుండా ఎంచుకోవాలంటే ఊహించడమేనని ఆమె అంది. అప్పుడు ఏడాదిగా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ఇద్దరూ ఆమె తల మీదుగా చూసుకున్నారు.

"పెద్దది పెట్టు," అంది ఫామాను.

"పెద్దదైతే మంచిదని కాదు అత్తయ్యా. సరిపోయేదే..."

"ఆయన పోయినప్పుడు గౌరవంగా ఎన్ని అల్లిక చాపలు వచ్చాయో చూశావుగా? ఊళ్ళోవాళ్ళు వరస కట్టి తెచ్చారు. అంతటివాడి గొంతుకి ఎనిమిది వేలా? రేపు సభలో అడిగితే ఏమని చెప్పను, చిన్న అంకె పెట్టి సరిపెట్టామనా?"

సొలొమోనా తల ఊపాడు. ఫామాను మాటకి ఆయన తల ఊపడం ఆ ఇంటి కుక్క కూడా చూసి ఉండదు. తక్కువ అంకె పెడితే తమ శాఖ ఊరుకోదని, ఇరవైరెండు వేల కంటే పెద్దది లేదా అని కూడా అడిగాడు. లేదంటే నొచ్చుకున్నాడు.

మసీనా ఇరవైరెండు మీద నొక్కింది. తెర మీద పెద్దమామయ్య గొంతు నీలంగా, ఎగుడుదిగుడు గీతలుగా పరుచుకుంది. కింద మొత్తం ఎంతసేపో చూపించింది. చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

పాస్టరుగారు భోజనం ముందు చేసే ప్రార్థన కూడా అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. ఆ రోజు ఆయన మాట్లాడుతుంటే కోకో చల్లారిపోయింది, మళ్ళీ వెచ్చబెట్టి తెస్తే మళ్ళీ చల్లారింది. విసిరి విసిరి ఆమె భుజాలు రెండు రోజులు లాగాయి. సెకనులో ఎక్కువ ముక్కలు కలిపేస్తే గొంతు తొందరగా అయిపోతుంది; ఈ అంకె తప్పు. రేపు డబ్బాలోంచి వచ్చేది పెద్దమామయ్య గొంతు కాదు.

నోరు తెరిచింది. తెరిచిన నోట్లో మాట తయారుగా ఉంది, ఇది చాలా పొట్టిగా ఉంది, ఆయన ఇంకా ఎక్కువసేపు మాట్లాడారు అని. ఎంతసేపు మాట్లాడాడో నీకెలా తెలుసనేది ఆ వెనకే వచ్చే ప్రశ్న.

నోరు మూసుకుంది.

మూసుకున్నాక ఇంకో ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. అంకె తను ఎంచలేదు. వద్దనే చెప్పింది. ఇద్దరు పెద్దవాళ్ళు కోరి పెట్టించుకున్నారు. రేపు గొంతు అర్థం కాకపోతే రికార్డింగు చెడిందంటారు, అవతల పడేస్తారు. అప్పుడు కుటుంబం మొగ్గేది తోమాసి వైపే, అది అందరికీ తెలుసు. తను ఏమీ చెరపక్కర్లేదు, ఏమీ దాచక్కర్లేదు. కోడలు ఎలా ఉండాలంటారో అలా ఉంటే చాలు, నోరెత్తకుండా.

"ఏమిటా నిద్ర?" అంటూ విసనకర్ర మళ్ళీ పొడిచింది. "కానీ. పొయ్యి మీద అరటికాయలున్నాయి."

నీ బిరుదు నా వేలి కింద ఉందత్తయ్యా అనుకుంది మసీనా. అనుకుని నొక్కింది. పచ్చటి గీత ఎడమ నుంచి కుడికి పాకింది. మార్పిడి పూర్తయింది.

కార్డు తీసి ఫామాను రవిక లోపలి సంచిలో దాచుకుంది. మారిన ఫైలున్న పెన్‌డ్రైవ్‌ని సొలొమోనా జేబురుమాల్లో ముడి వేసుకున్నాడు. వెళ్తూ కుర్చీ కూడా పట్టుకెళ్ళాడు.

ఆ సాయంత్రం తోమాసి తోటలోంచి వచ్చి, చేతులు కడుక్కుంటూ, బిరుదు వస్తే మొట్టమొదట పొగగొట్టం ఉన్న వంటిల్లు కట్టిస్తానన్నాడు. మంచివాడు. వంటింట్లోంచి బయటికి తేవడమనేది ఆయనకి తట్టలేదు గానీ, పొగ సంగతి తట్టింది. మసీనా చేపలో ముల్లు తీసి ఆయన ఆకులో వేసింది. చెప్పాలనిపించింది. విన్నావు కానీ వినలేదు అన్న మాట గుర్తొచ్చి ఊరుకుంది.

శనివారం పెద్ద ఫలే నిండిపోయింది. గోడలు లేని ఇల్లు కనక నిండాక కూడా నిండుతూనే ఉంది, చూరు కింద పిల్లలు, ఆ వెనక కుక్కలు. ఒక్కొక్క స్తంభానికీ ఒక్కొక్క మనిషి ఆనుకుని కూర్చున్నారు. పెద్దమామయ్య స్తంభం దగ్గర మడతపెట్టిన చాప ఒక్కటే ఉంది. ముందు ప్రార్థన, తర్వాత కావా, తర్వాత ప్రసంగాలు. సభ నడిపే వక్త ముసలాయన, భుజం మీద కొబ్బరిపీచు చామరం. ఆయన వేళ్ళ సందుల్లోంచి కాలం కారిపోతున్నా తొందరపడే మనిషి కాదు. పేర్లు చదివేటప్పుడు కోడళ్ళు ఉండకూడదు, కానీ యంత్రం మొరాయిస్తే కావాలని మసీనాని ఉండనిచ్చారు; వెనకాల, పళ్ళేల దగ్గర, చెమటలు తుడుచుకుంటూ నిలబడింది.

సొలొమోనా ముడి విప్పాడు. తోమాసి దాన్ని లౌడ్‌స్పీకర్ డబ్బాకి గుచ్చాడు. వక్త అందరినీ తలలు వంచమన్నాడు.

డబ్బాలోంచి వచ్చింది చుంచు గొంతు.

అది ముత్తాతల పేర్లు చదువుతోందని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. కీచుమని, గడగడమని, మధ్యమధ్య తుమ్మినట్టు. వంచిన తలలు వంచినట్టే ఉండిపోయాయి.  తర్వాత చూరు కింద ఒక పిల్ల కిసుక్కుమంది. ఇంకో పిల్ల. పెద్దవాళ్ళు గదమాయించేలోగా వరసంతా నవ్వు పాకిపోయింది, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు, అది ఇంకా చెడ్డది.

తోమాసి తీగ పీకేశాడు.

సొలొమోనా లేచాడు. చనిపోయిన మనిషిని ఎలకని చేసి ఊరి ముందు పెట్టారన్నాడు. తన కళ్ళ ముందే జరిగిందని, కానీ చదువుకున్న చేతులు ఏం చేస్తాయో కళ్ళకి ఏం తెలుస్తుందని అన్నాడు. పెద్ద అంకె పెట్టమని తల ఊపిన సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు. ఆయన శాఖ వాళ్ళు చాపల మీద అరచేతులతో కొట్టారు. తోమాసి మెడ ఎర్రబడింది.

వక్త చామరం ఎత్తాడు, సద్దు తగ్గింది. యంత్రాలు నమ్మదగ్గవి కావని తాను ముందే అన్నానని మొదలుపెట్టి, అది చెడిపోయిన పక్షంలో మన పెద్దలు చేసినట్టే మాట్లాడుకుని తేల్చుకుందామన్నాడు. అంటూ తోమాసి వైపు చూశాడు. చాలామంది చూశారు. తర్వాత మర్యాద కోసం వెనక్కి తిరిగి, ఆ సభలో మొదటిసారి మసీనాని ఒక ప్రశ్న అడిగాడు.

"ఏమ్మా, ఇది చెడిపోయినట్టేనా?"

ఒక్క మాట. అవునంటే చాలు. మాట కూడా అక్కర్లేదు, కనుబొమలు పైకెత్తితే ఆ దీవుల్లో అవునని అర్థం. మసీనా కనుబొమలు ఎత్తబోతూ ముందు వరస వైపు చూసింది.

ఫామాను ఏడవడం లేదు. అరవడం లేదు. విసనకర్ర ఒళ్ళో పడి ఉంది, ఎవరినీ పొడవడం లేదు. పిల్లలు నవ్విన వైపు చూస్తోంది, అన్నగారిని ఎవరో సంతలో నిలబెట్టి బట్టలు విప్పినట్టు. పెద్ద అంకె పెట్టింది తనే. అది ఆవిడకి గుర్తుంది.

"చెడిపోలేదు," అంది మసీనా. తన గొంతు తనకే సన్నగా వినిపించింది. "తొందరగా నడుస్తోంది. అంకె తప్పు. సరైన అంకె పెడితే ఆయన గొంతు ఆయనకి వస్తుంది."

సరైనదని ఎవరు చెప్పాలని సొలొమోనా అడిగాడు. నువ్వు మందంగా పెట్టిన గొంతుని మేము ఆయనదని నమ్మాలా, ఏడాదైంది, ఎవరికి ఆ గొంతు అచ్చంగా గుర్తుంది అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అందరూ మసీనా వైపు తిరిగారు.

"నేను చెప్పక్కర్లేదు," అందామె. "చర్చి గంట చెప్తుంది. ఆయన మాట్లాడుతుండగా సాయంత్రం ప్రార్థన గంట కొట్టారు. అది ఇందులో ఉంది. బయట గంట కొట్టండి, ఇందులో గంట వినండి. రెండూ ఒకటే అయిన చోట ఆపుదాం. ఆ గంటని మీరంతా పుట్టినప్పటి నుంచీ వింటున్నారు కదా."

ఎవరో మెచ్చుకుంటున్నట్టు గొణిగారు. సొలొమోనా మాత్రం కదలకుండా నిలబడి, రేవులో పెట్టె తెరిపించే గొంతుతో అడిగాడు.

"అందులో గంట ఉందని నీకెలా తెలుసు?"

చూరు కింద పిల్లలు కూడా నవ్వు ఆపేశారు. తోమాసి మెల్లగా తల తిప్పాడు.

"విసనకర్ర విసిరింది నేనే కదా," అంది మసీనా.

 ఫామాను విసనకర్ర చేతిలోకి తీసుకుంది.

"మరి ఎవరు విసిరారనుకున్నావు సొలొమోనా? గాలి దానంతటదే వచ్చిందనుకున్నావా?" అంది. "మగాళ్ళందరినీ బయటికి పంపి, అన్నయ్య ఎండలో చేపలా కూర్చున్నాడనుకున్నారా?"

నవ్వాలో వద్దో సభకి తెలియలేదు. వక్త గొంతు సవరించుకుని గంట మాట బాగుందన్నాడు. ఫామాను అటు తిరిగి, రవిక సంచిలోంచి కార్డు తీసి మసీనా చేతికిచ్చింది. 

చర్చి గంటంటే ఖాళీ గ్యాసు సిలిండరు, చెట్టుకి గొలుసుతో వేలాడుతుంది, సుత్తితో కొట్టాలి. కొట్టడానికి తోమాసి వెళ్ళాడు. తన భార్య ఒక మాటన్నాక దానికి తను నిలబడాలనుకున్నాడో, అక్కడ కూర్చోలేక వెళ్ళాడో మరి.

మసీనా లాప్‌టాప్‌ని తీగతో డబ్బాకి తగిలించింది. నీలం గీతల్లో గంట ఎక్కడుందో చెవి లేకుండానే కనిపిస్తుంది. పొడుగాటి ముల్లు, దాని వెనక సన్నబడే తోక, మళ్ళీ ముల్లు, మళ్ళీ తోక. ఆ ముక్క ఒక్కటే కత్తిరించింది, పేర్లు ఒక్కటీ బయట పడకుండా.

బయట తోమాసి కొట్టాడు. బరువుగా, అడుగున ఏదో దొర్లుతున్నట్టు మోగింది. ఇరవైరెండు వేల దగ్గర డబ్బాలోంచి చెంచాతో గ్లాసు తట్టినట్టు వచ్చింది. తలలు అడ్డంగా ఊగాయి. పదహారు దగ్గర సైకిలు గంట. తోమాసి మళ్ళీ కొట్టాడు. పదకొండు దగ్గర బాల్చీ. కొంతమంది ఇదేనన్నారు, కొంతమంది కాదన్నారు, సొలొమోనా కళ్ళు మూసుకుని ఇంకా కాదన్నాడు. ఆయన చెవి నిజాయితీగా వింటోందని మసీనా గమనించింది.

ఎనిమిది వేలు నొక్కింది.

డబ్బాలోంచి, బయట నుంచి ఒకేసారి వచ్చింది. ఏది లోపలిదో ఏది బయటిదో తెలియలేదు. ఒక ముసలావిడ అలవాటుగా ప్రార్థనకి చేతులు జోడించేసింది. సొలొమోనా కళ్ళు తెరిచి కూర్చున్నాడు.

"అన్నిటికన్నా చిన్న అంకె," అని మాత్రం అన్నాడు.

ఇక పేర్లు మొదలవుతాయి. పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళు లేవాలి. మసీనా ఎవరూ చెప్పకుండానే లేచి, ఏ మీట నొక్కాలో వక్తకి చూపించి, పళ్ళేలు తీసుకుని వంటింటికి వెళ్ళిపోయింది.

వంటింట్లోకి మాటలు రావు, గొంతు వస్తుంది. పెద్దమామయ్య గొంతు పొయ్యి పక్కన నేలలోంచి వస్తున్నట్టు వచ్చింది. లోతుగా, తొందర లేకుండా. మసీనా అరటికాయలు తిప్పుతూ వింది. ఇది దగ్గు. ఇది మొదటి కోకో. ఇక్కడ ఒక పేరు మర్చిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. ఇది రెండో కోకో. ఇది గంట, ఇక్కడ ఆగి ప్రార్థన చేసుకున్నాడు. ప్రార్థన అయ్యాక కొంచెం గాలి చప్పుడు, అది తన విసనకర్రే. ఇప్పుడు.

గొంతు ఆగింది.  అరటికాయ ఒకటి మాడుతున్న వాసన వచ్చింది, ఆమె తీయలేదు. చాలాసేపటికి వక్త గొంతు లేచింది. బిరుదున్న మనిషిని సంబోధించే పెద్ద మాటలతో, ఆడమనిషిని ఉద్దేశించి.

ముందు తోమాసి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"నీకు తెలుసు."

"తెలుసు."

"నాచేతే గంట కొట్టించావు."

"నేను కొట్టమనలేదు. నువ్వే వెళ్ళావు."

ఆయన సుత్తి వైపు చూసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కట్టెల మీద పెట్టాడు. మాడిన అరటికాయ ఒకటి తీసి వేడివేడిగానే కొరికాడు. నోరు కాలింది. నోరు కాలినవాడు మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. కాసేపుండి, పొగగొట్టం మాత్రం కట్టిస్తానని వెళ్ళిపోయాడు.

తర్వాత ఫామాను వచ్చింది. ఇప్పుడు ఆవిడ కూర్చోవలసింది అక్కడ కాదు, స్తంభం దగ్గర. జనం ఇంకా వరస కట్టి ఉన్నారు. ఆవిడ వంటింటి చాప మీద, పొగలో, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"నిన్న నేను వీపు మీద పొడుస్తున్నంతసేపూ నీకు తెలుసన్నమాట."

"తెలుసత్తయ్యా."

"మరి చెరిపేయలేదేం?"

"మామయ్య ఎవరికీ చెప్పొద్దన్నారు. చెరపమనలేదు."

ఫామాను విసనకర్రతో తనకి తనే విసురుకుంది. పొగ కళ్ళలోకి వెళ్ళినట్టుంది, తుడుచుకుంది. ఆ తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు, పొయ్యి వైపు చూస్తూ అడిగింది.

"మీట ఆపేశాక ఏమైనా అన్నాడా? నా గురించి?"

మసీనా ఆలోచించింది. మంచి మాటలు బోలెడు ఉన్నాయి, ఏది చెప్పినా ఆవిడ నమ్ముతుంది, ఏది చెప్పినా గంట కొట్టి సరిచూసేవాళ్ళు లేరు.

"కోకోలో చక్కెర తక్కువైందన్నారు."

ఫామాను విసనకర్ర చాప మీద పెట్టింది. 

"అది మాత్రం నిజం," అంది. "నీ కోకోలో ఎప్పుడూ తక్కువే. ఒక కప్పు ఇలా తే."

మసీనా కోకో కలిపి, చక్కెర డబ్బా తెరిచి, చెంచా నిండా తీసింది. ఒక క్షణం ఆగి, ఎప్పుడూ వేసేంతే వేసింది.